మా మేనత్తది టీబీ కాదు

మా మేనత్త పోయిందన్న కబురు నేను పనిలో ఉండగా వచ్చింది. ఒక దవాఖానలో ఊపిరితిత్తుల పరీక్ష చేసే గదిలో నేను టెక్నీషియన్ని. రోగి ముక్కుకు క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం అందించి, "నిండా పీల్చుకోండి, ఇప్పుడు ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి" అని పక్కన నిలబడి అరవడం నా ఉద్యోగం. ఆ పూట కుర్చీలో ఉన్న పెద్దాయన సగం ఊదాడో లేదో ఫోన్ మోగింది. మా బావ, అంటే మేనత్త కొడుకు.

"అమ్మ పోయింది" అన్నాడు. "పొద్దుగాల చాయ్ తాగింది. మంచిగనే ఉండె. నేను డ్యూటీకి తయారైతున్న. ఇట్ల మర్రి చూసేవరకు అయిపోయింది" అన్నాడు.

శంషాబాద్‌లో బస్సు దిగి మా ఊరికి పోయే షేర్ ఆటో ఎక్కాను. నా పక్కన కూర్చున్నతను ఎవరో నాకు తెలియదు, మా ఊరివాడే అయి ఉంటాడు. ఫోన్లో ఇంట్లోవాళ్లకు చెబుతున్నాడు: "గదే, టీబీ ముసలామె. పోయిందట. మీరు పోతే పోండ్రి గానీ పిల్లలను తోల్కపోకుండ్రి."

అతనికి నేనేమీ చెప్పలేదు. ఆటోలో తేలే సంగతి కాదు. అందుకని ఇక్కడ చెబుతున్నాను. మా మేనత్తకు టీబీ లేదు. ఏనాడూ లేదు. ఆ మాట ఆమె బతికుండగా చాలామందికి చెప్పుకుంది. అందరూ తల ఊపారు. ఊపి, రెండడుగులు వెనక్కి జరిగారు.

మా అమ్మ నా చిన్నప్పుడే చనిపోయింది. బాపుది ఊళ్లు తిరిగే పని. అందుకని ఆరో తరగతి నుంచి పెళ్లయ్యేదాకా నేను మేనత్త దగ్గరే పెరిగాను. మా ఊరు విమానాలు దిగే దారికి సరిగ్గా కింద ఉంటుంది. తెల్లవారుజామున మొదటి విమానం ఇంటి మీంచి పోగానే ఆమె నా దుప్పటి లాగేసేది. "దుబాయ్‌ది పోయింది, లెవ్వు బిడ్డ" అనేది. అది దుబాయ్‌దో కాదో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. దాని వెనక వచ్చేదానికి బొంబాయిది అని పేరు. బొంబాయిది పోయేలోపు నేను పుస్తకం ముందు కూర్చోకపోతే నెత్తి మీద ఒక్కటి పడేది. చాయ్ ఎప్పుడూ సాసర్లో పోసుకుని, మూడు వేళ్ల మీద నిలబెట్టి, పెద్దగా చప్పుడు చేస్తూ తాగేది. నాకు అప్పుడు సిగ్గుగా ఉండేది.

ఆమె గొంతు గురించి చెప్పాలి. మా వాడలో బతుకమ్మ ఆడితే పాట ఎత్తుకునేది మేనత్తే. మిగిలిన ఆడవాళ్లు అందుకునేలోపు ఆమె రెండు వరుసలు ఒకే దమ్ములో లాగేసి, ఇంకా ఊపిరి మిగిలి, ఎవరు చప్పట్లు తప్పుతున్నారో చూసి కళ్లతో గద్దించేది. ఒకసారి వానలు బాగా పడి హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు. చూడటానికి అందరం పోయాం. జనంలో మా బావ తప్పిపోయాడు. ఆమె గట్టు మీద నిలబడి వాడి పేరు పెట్టి ఒక్క కేక వేసింది. నీళ్ల హోరు మీంచి ఆ కేక పోయింది. గట్టు మీదున్న జనమంతా వెనక్కి తిరిగారు, వాళ్లలో మా బావ కూడా ఉన్నాడు. ఇంటికొచ్చేదాకా వాడు ఏడుస్తూనే ఉన్నాడు, తప్పిపోయినందుకు కాదు, అందరూ చూసినందుకు.

మేనత్త మొగుడు, మా మామ, లారీ కింద పడి పోయాక ఆమెకు మిగిలింది మక్కలు పండే చెలక. అది విమానాశ్రయంలో పోయింది. ఇప్పుడు ఆ చెలక ఉన్నచోట ఏముందో మాకు తెలియదు, కంచె లోపలికి మమ్మల్ని పోనివ్వరు. సేద్యం తప్ప పని తెలియని మనిషి, పొద్దున్నే ఆడవాళ్లను కుక్కుకుపోయే ఆటో ఎక్కి కాటేదాన్‌కు పోవడం మొదలుపెట్టింది. అక్కడ పలుగురాళ్లను పిండి చేసే మిల్లులో పని. తెల్లగా మెరిసే ఆ రాళ్లను మెత్తటి పొడి చేస్తారు. గాజుకూ రంగులకూ టైల్సుకూ పోతుందట. పొడి పైనుంచి గొట్టంలో దిగుతుంటే దాని మూతికి సంచి పట్టుకుని నిలబడటం, నిండాక కుదిపి, మూతి కుట్టి పక్కకు లాగడం, ఇదీ ఆమె పని. ఊర్లో అందరికంటే గట్టి మనిషని గొట్టం దగ్గర ఆమెనే నిలబెట్టారు.

సాయంత్రం ఆటో దిగేసరికి వెంట్రుకలు, కనుబొమలు, మెడ మడతలు తెల్లగా ఉండేవి. "మాకు పౌడర్ ఖర్చు లేదు" అని నవ్వేది. మూతికి పాత చీర ముక్క కట్టుకునేది. ఆ ముక్కను రాత్రి ఉతికితే బకెట్టులో పాలలాంటి నీళ్లు అయ్యేవి. గుడ్డ ఆపింది మా కళ్లకు కనపడింది. ఆపలేనిది ఎక్కడికి పోయిందో మేమెవరం ఆలోచించలేదు. దుమ్ము లాగే పెద్ద ఫ్యాను ఒకటి గోడకు ఉండేదట. దాని చప్పుడుకు తలనొప్పి వస్తుందని, పొడి కూడా లాగేసుకుంటుందని మిల్లువాళ్లు బంద్ పెట్టి, ఎవరన్నా పెద్దవాళ్లు చూడటానికొచ్చిన రోజు మాత్రం తిప్పేవాళ్లు. "ఫ్యాను తిరుగుతుందంటే ఇయ్యాల సార్లు వస్తున్నరని మాకు ఎరుకైతది. జుట్టు సవరించుకుంటం" అనేది మేనత్త.

నాకు పెళ్లయి తుక్కుగూడ వెళ్లిపోయిన కొన్నేళ్లకు ఆమెకు దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు. తర్వాత నాలుగడుగులు వేస్తే ఆయాసం. బావ ఆమెను ఒక డాక్టరుకు చూపించాడు. ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీయించి, రెండు ఊపిరితిత్తుల్లోనూ పైభాగాన మచ్చలు చూసి, ఆయన ఒక్క చూపులో టీబీ అన్నాడు. తెమడ పరీక్షలో క్రిమి కనపడలేదు. కనపడకపోయినా టీబీయే అన్నాడు. ఏం పని చేస్తావు తల్లీ అని అడగలేదు. అడగడానికి ఎంతసేపు పడుతుంది? మందుల కోర్సు ఒకటి అయిపోయింది. తగ్గలేదు. ఇంకా గట్టి మందులతో రెండోది మొదలుపెట్టారు. ఆ మందులకు ఆమెకు అన్నం వాసన పడలేదు, చెవుల్లో హోరు మొదలైంది, నల్లబడి సగమైపోయింది. దగ్గు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మందులకంటే ఎక్కువ పని చేసింది ఆ పేరు. ఇంట్లో ఆమెకు ఒక పళ్లెం, ఒక గ్లాసు వేరుపడ్డాయి. కోడలు, మా బావ పెళ్లాం, చెడ్డదేమీ కాదు. చంటి పిల్లాడి తల్లి, భయపడింది. కానీ ఆ పిల్లాణ్ణి ఎత్తి పెంచుతున్నది మేనత్త. ఒక రోజు నుంచి వాణ్ణి ఆమె ఒళ్లోకి రానివ్వలేదు. వాడు గడప ఇవతల కూర్చుని "నాన్మా" అని చేతులు చాస్తే, ఆమె అవతల కూర్చుని చప్పట్లు కొట్టి ఆడించేది. ఆ యేడు బతుకమ్మకు నేను పోయాను. ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతున్నారు. మేనత్త కొత్త చీర కట్టుకుని వచ్చి వరుసలో చేరింది. పాట ఎత్తే ఓపిక లేదు, ఊరికే అడుగు కలపడానికి వచ్చింది. ఆమెకు కుడిపక్కనున్నామె కొంచెం ముందుకు జరిగింది. ఎడమపక్కనున్నామె కొంచెం వెనక ఆగింది.  పాట ఆగలేదు. గుండ్రంగా తిరుగుతున్న ఆ వరుసలో మా మేనత్తకు రెండువైపులా ఒక్కో మనిషి పట్టేంత ఖాళీ, ఆమెతోపాటు అదీ తిరిగింది. రెండు చుట్లు తిరిగి ఆమె బయటికి వచ్చి, మెట్టు మీద కూర్చుని చెప్పులు వేసుకుంది. "కాళ్లు గుంజుతున్నయ్ బిడ్డ, ఇంటికి పోదాం" అంది.

తర్వాత నేను ఈ పరీక్షల పని నేర్చుకుని ఉద్యోగంలో చేరాను. చేరిన కొన్నాళ్లకు మేనత్తను మా దవాఖానకు తీసుకొచ్చాను. బస్సు మెట్లు ఎక్కి సీట్లో కూర్చున్నాక, మాట్లాడటానికి ఆమెకు రెండు స్టాపులు పట్టింది.

నా గదిలో నా కుర్చీలో కూర్చోబెట్టి ముక్కుకు క్లిప్పు పెట్టాను. అందరికీ చెప్పినట్టే చెప్పాను. "అత్త, నిండ పీల్చుకో. ఇగ ఊదు. ఊదు, ఊదు, ఇంక ఊదు."

ఆమె గొట్టం తీసేసింది. "గంత ఒర్రకు. నాకు తిత్తులు ఖరాబైనయ్ గానీ చెవులు మంచిగనే ఉన్నయ్."

నవ్వాం. మళ్లీ చేయించాను. తెర మీద గీత లేవాలి. నిండా పీల్చి ఊదిన మనిషికి అది కొండలా నిలువుగా లేచి నెమ్మదిగా దిగుతుంది. మేనత్త గీత పుట్టలా లేచి పడిపోయింది. ఆమె దొంగాట ఆడటం లేదు, ఊదడంలో లోపం లేదు. లోపలికి పోయిన గాలే కొంచెం. మూడోసారి చేయించాక ఆమె పెదవులు నల్లబడ్డాయి, నేను ఆపేశాను.

మా ఛాతీ డాక్టరు కోస్తా మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు. పాత ఫొటోలన్నీ వెలుతురు పెట్టె మీద వరుసగా పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీ ఆమె వైపు తిప్పుకుని అడిగాడు: "ఇదివరకు మీరేం పని చేసేవారమ్మా?"

మేనత్త ఆయన ముఖం వైపు చూసింది. ఎంత చూసిందంటే, వినపడలేదేమో అనుకుని ఆయన మళ్లీ అడిగాడు. "కాటేదాన్ల, రాళ్ల పిండి మిల్లుల" అంది. "గొట్టం కాడ సంచి పడుతుంటి."

"ఎన్నేళ్లు?"

"మస్తు ఏండ్లు సారు. టీబీ అని ఇంటికి పంపేదాక."

ఆయన చెప్పాడు. ఆ పొడి కంటికి కనపడనంత సన్నగా ఉంటుందని, గుడ్డలోంచి పోతుందని, తిత్తుల అడుగుదాకా పోయి అక్కడే ఉండిపోతుందని, దాని చుట్టూ మచ్చ కడుతుందని, మచ్చ మచ్చ కలిసి తిత్తి బిగుసుకుపోతుందని. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదని కూడా చెప్పాడు. అప్పుడు మేనత్త "ఆ మాట ఇంకోపారి చెప్పు సారు" అంది. ఆయన చెప్పాడు. మందు ఉంటదా అని అడిగింది. దగ్గుకు ఇస్తాను, ఆయాసం కొంచెం తగ్గడానికి ఇస్తాను, మచ్చలకు మాత్రం మందు లేదమ్మా అన్నాడు. ఆమెకు ఆ రెండో మాట వినపడినట్టే లేదు. అంటేది కాదన్న మాటనే పట్టుకుని గదిలోంచి బయటికొచ్చింది.

బయట బెంచీ మీద కూర్చుని, "తిత్తి బిగుసుకపోవుడంటే ఏంది?" అని అడిగింది. నేను ఆమె చెయ్యి తీసుకుని నా పక్కటెముకల మీద పెట్టుకున్నాను. "ఇప్పుడు నేను గాలి పీలుస్త, చూడు. ఎముకలు మీదికి, పక్కకు జరుగుతున్నయ్ గద. లోపల, తిత్తుల కింద ఒక పొర ఉంటది, అది కిందికి దిగుతది. రొమ్ములో జాగ పెరుగుతది. జాగ పెరిగితే తిత్తులు దానెంబడి సాగుతయ్, గాలి దానంతటదే వచ్చి నింపుతది. మనం గాలిని గుంజుతున్నం అనుకుంటం గానీ, మనం చేసేది జాగ చేసుడే."

"ఇడిసిపెట్టేటప్పుడు?"

"అప్పుడు ఏం చేసేది లేదత్త. పట్టు సడలిస్తే చాలు. సాగిన తిత్తి దానంతటదే ముడుసుకుంటది, గాలి ఎళ్లిపోతది. పీల్చేటప్పుడే కష్టం. ఇడిసేటప్పుడు పుకట్‌గ అయిపోతది."

ఆమె నా ఎముకల మీద చెయ్యి అలాగే ఉంచి నాలుగైదు ఊపిర్లు చూసింది. తర్వాత ఆ చెయ్యి తీసి తన పక్కటెముకల మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుని పీల్చింది. మళ్లీ పీల్చింది.

"నాది లేస్తలేదు" అంది.

 తిత్తి సాగకపోతే ఎముకలు ఎంత లేపినా లాభం లేదని, కొంచెం సాగింది కూడా వెంటనే వెనక్కి లాక్కుంటుందని ఆమెకు నేను చెప్పలేదు. ఆమే చెప్పింది. "నేను గుంజుతనే ఉంట బిడ్డ. నిండకముందే అది ఎనుకకు పోతది. నా లోపల కూసోని ఎవరో గుంజుకుంటున్నట్టు."

మరునాడే మిల్లుకు పోదామంది. ఎందుకని అడిగితే, "అండ్ల ఆడోళ్లున్నరు గద" అంది. నేను సెలవు పెట్టి వెంట పోయాను. గేటు దగ్గర మేనేజరు మర్యాదగానే కుర్చీ వేయించాడు, నీళ్లు తెప్పించాడు. మేనత్త ఆగాగి చెప్పింది. దుమ్ముతోని నా తిత్తులు బిగుసుకపోయినయట, ఫ్యాను రోజూ తిప్పుండ్రి, వాళ్లకు మంచి మాస్కులు ఇయ్యుండ్రి, ఇంతే.

అతను అంతా విన్నాడు. "నీకు టీబీ గదమ్మ" అన్నాడు. "పని ఇడిసేటప్పుడు నువ్వే చెప్పినవ్. టీబీ ఉన్నదాన్ని ఇంతమంది నడుమ పెట్టుకోవద్దని మేమే ఇంటికి పొమ్మంటిమి. ఇప్పుడు దుమ్ము అంటవ్. ఇంతమంది పనిచేస్తున్నరు, వాళ్లకు లేంది నీకొక్కదానికేనా?"

నేను డాక్టరు మాట చెప్పబోయాను. "మేడమ్, మీరు చదువుకున్నోళ్లు" అని చెయ్యెత్తి నన్ను ఆపాడు. "చూద్దాం. పైన చెప్త."

అప్పుడే షిఫ్టు మారుతోంది. ఆడవాళ్లు బయటికొస్తున్నారు, జుట్లు తెల్లగా. మేనత్త లేచి నిలబడింది. అందరూ ఆమెకు తెలిసినవాళ్లే. ఒకరిద్దరు నవ్వబోయి, మేనేజరును చూసి తల దించుకుని పోయారు. యాదమ్మ ఒక్కతే ఆగింది. మేనత్త వెళ్లిపోయాక గొట్టం దగ్గర సంచి పడుతున్నది యాదమ్మే. ఆమెకు ఆ పని నేర్పింది మేనత్తే. మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు.

"యాదమ్మ, ఆ గొట్టం కాడ నిలవడకు" అంది మేనత్త.

యాదమ్మ వెనక్కి చూసుకుని దగ్గరికొచ్చింది. "అత్త, నీకు దండం పెడుత. గేటు కాడ గట్టిగ అనకు. ఉన్న పని ఊడుతది" అని చెవిలో చెప్పి ఆటో వైపు పోయింది.  తిరుగు బస్సు ఆరాంఘర్ దాటాక మేనత్త, "దాన్ని అనేందుకు ఏం లేదు. నేనైనా గట్లనే అందును" అంది.

ఇంట్లో సంగతీ అంతే. అంటురోగం కాదని డాక్టరు చెప్పిన మాటను నేను కోడలికీ బావకూ కూర్చోబెట్టి చెప్పాను. కోడలు విని, "డాక్టర్లు ఒకలు ఒకటి చెప్తరక్క. మొదటాయన కూడ డాక్టరే గద" అంది.  మొదటాయన చూసీ చూడకుండా అన్న ఒక్క మాట ఊరంతా నిలబడింది, రెండో ఆయన కూర్చుని వివరించింది గడప దాటలేదు. బావ ఆ సాయంత్రం తల్లి పళ్లెం తీసుకెళ్లి మిగతా పళ్లేలలో కలిపాడు. రెండ్రోజుల తర్వాత నేను వెళ్లేసరికి అది మళ్లీ విడిగా, గిన్నెల గూటికి అవతల, కిటికీలో ఉంది. నేను చూడటం మేనత్త చూసింది.

"ఉండనీ" అంది. "నేను చెప్పిన. ఇన్నరు. ఇగ వాళ్ల ఇష్టం."

తర్వాత బతుకమ్మకు ఆమె పోలేదు. ఎవరూ వచ్చి పిలవలేదు.

చివరి రోజుల్లో ఆక్సిజన్ మిషను తెచ్చి పెట్టాం. అది గదిలో పగలూ రాత్రీ గుర్రుమంటూ ఉండేది. కరెంటు పోతే ఇంట్లోవాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. పడుకుంటే ఊపిరాడదు, అందుకని మంచం మీద ముందుకు వంగి, ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీద మోచేతులు ఆనించి కూర్చునే నిద్రపోయేది. రెండు వరుసల పాట ఒక్క దమ్ములో లాగిన మనిషి రెండేసి మాటలకు ఆగి గాలి తీసుకునేది. ఆదివారం ఆదివారం నేను పోయేదాన్ని. "మాటలు... పొదుపుగ... వాడుతున్న" అనేది. అయినా టీవీలో ఎవరన్నా నాయకుడు కనపడితే ఉన్న ఊపిరంతా ఖర్చుపెట్టి తిట్టేది. తిట్టాక చాలాసేపు మాట్లాడలేకపోయేది. అది దండగ కాదా అత్తా అంటే, కాదన్నట్టు చెయ్యి ఊపేది.

మనవడు మాత్రం పెద్దవాడవుతున్నాడు. తల్లి పనిలో ఉన్నప్పుడు చూసి వాడు నానమ్మ మంచం మీదికి ఎక్కేసేవాడు. ఒకసారి నేనున్నప్పుడే ఎక్కాడు. మేనత్త వాణ్ణి దించబోయింది. అలవాటు, భయం, రెండూ. నేను వద్దన్నాను. వాడు ఆమె ముక్కులోని గొట్టం చివర పట్టుకుని వేలికి గాలి తగులుతుందా అని చూశాడు. ఆమె వాడి వీపు మీద చెయ్యేసి అలాగే ఉంచింది. వాడు ఒకచోట ఉండేవాడు కాదు, ఆ వీపు లేస్తూ దిగుతూ ఉంది. ఆమె చెయ్యి దానితోపాటు లేస్తూ దిగుతూ ఉంది. "ఎంత... మంచిగ... సాగుతున్నయ్" అంది. వాడికి అర్థం కాలేదు.

నేను చివరిసారి పోయినప్పుడు ఆమె అడిగింది తన మందుల గురించి కాదు. "యాదమ్మ... ఇంక ఆడనే... ఉన్నదా?" అంది. నాకు తెలియదన్నాను. తెలుసుకొమ్మంది. తెలుసుకునేలోపు ఫోన్ వచ్చింది.

ఆ రోజు నేను ఇల్లు చేరేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. మనుషులు బాగానే వచ్చారు. చాలామంది మూతులకు రుమాళ్లు, మాస్కులు ఉన్నాయి. కొందరు గేటు అవతలే నిలబడి దండం పెట్టి పోతున్నారు. మా బాపు, ఆమె సొంత తమ్ముడు, గోడవారన కుర్చీలో ముక్కుకు తువ్వాల కట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపటికి నేను మళ్లీ చూసేసరికి కట్టుకుని ఉన్నాడు. ఏడుస్తున్నాడు కూడా. తువ్వాల పైఅంచు తడిసిపోయింది. చనిపోయిన మనిషి ఊపిరి పీల్చదు, వదలదు, ఆమె నుంచి ఇంక ఏ గాలీ రాదని అక్కడున్న ఎవరికైనా చెప్పాలా? చెప్పలేదు. చెప్పి చెప్పి ఆమే పోయింది.

స్నానం పోయించాలన్నారు. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకామెకు నడుం నొప్పి గుర్తొచ్చింది, ఇంకొకామె చంటిపిల్లను చూసి రావడానికి లేచింది. నేను బిందె ఎత్తుకున్నాను. కోడలు వచ్చి రెండో పక్క పట్టుకుంది, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఇద్దరం సరిపోవడం లేదు. అప్పుడే వీధి చివర ఆటో ఆగింది.

మిల్లు ఆడవాళ్లు. అన్నం తినే విరామంలో వచ్చారు. జుట్ల మీద, భుజాల మీద దుమ్ము దులుపుకోకుండా అలాగే వచ్చారు. మూతులకు ఏమీ లేదు. ఎవరినీ అడగకుండా చెప్పులు విడిచి లోపలికొచ్చి, కొంగులు నడుముకు దోపుకుని, నలుగురు నాలుగు పక్కలా కూర్చున్నారు. యాదమ్మ తల దగ్గర కూర్చుని వెంట్రుకలు విప్పి, చెవుల వెనక, మెడ మడతల్లో, రోజూ పని దిగాక వాళ్లు ఒకరికొకరు కడుక్కునే చోట్లన్నీ వేళ్లతో రుద్ది కడిగింది. వాకిట్లో జనం కొంచెం దూరం జరిగి చూస్తున్నారు. పని అయ్యేదాకా వాళ్లలో ఎవరూ ఏడవలేదు. తుడిచి, చీర చుట్టి, బొటనవేళ్లు కట్టాక యాదమ్మ మేనత్త పాదాలకు నుదురు ఆనించి లేచింది.

"ఉంటుంటిమి అక్క. టైమైంది" అంది నాతో. "దింపుడు కళ్లం దాక అన్న వస్తుంటిమి. మేనేజరు పంపలే."

నేను ఆమె కోసం నీళ్ల సీసా పట్టుకుని వెనకాలే పోయాను. మిగతావాళ్లు ఆటో ఎక్కి సర్దుకుంటున్నారు. యాదమ్మ ఎక్కలేదు. ఆటోకు అవతలి పక్క, ఇంటివైపు నుంచి కనపడకుండా, ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది, దగ్గు బయటికి వినపడకుండా. నన్ను చూసి చెయ్యి అడ్డం ఊపింది.

"సర్ది పట్టిందక్క" అంది. ఎండ కాల్చేస్తోంది.

బాగున్న మనిషి నిలబడి ఊపిరి పీలిస్తే భుజాలు కదలవు. పక్కటెముకలూ వాటి కింది పొరా చాలు. అవి చాలనప్పుడే మనిషి మెడతో, భుజాలతో గాలిని పైకి లాగుతాడు. నా గదిలో గొట్టం అందించకముందే, రోగి తలుపు దాటి కుర్చీదాకా వచ్చేలోపు నాకు అది తెలిసిపోతుంది. సీసా అందుకోమని చెయ్యి చాచాను. ఆమె అందుకుంది గానీ మూత తియ్యలేదు. లోపలి నుంచి ఎవరో "దా యాదమ్మ, లేటైతే ఒర్రుతడు" అన్నారు. ఎక్కి, చివరి సీట్లో వెనక్కి తిరిగి కూర్చుంది. ఆటో కదిలి మట్టిదారి మీంచి పెద్ద రోడ్డెక్కింది. వెనక చిరిగిన రెగ్జిన్ పరదా సందులోంచి నాకు ఆమె ముఖం కనపడలేదు. సీసాను రొమ్ముకు ఆనించుకుని ముందుకు వంగి కూర్చున్న రెండు తెల్లటి భుజాలు, లేస్తూ, దిగుతూ, మళ్లీ లేస్తూ, ఆటో కాటేదాన్ వైపు మళ్లేదాకా కనపడుతూనే ఉన్నాయి.